తుపాకి లేని ముట్టడి



ఒక రాత్రి మా చదువు కేంద్రంలో పాఠం చదువుతున్నాం. అందులో 'ముట్టడి' అనే మాట వచ్చింది. ఒక అత్త ఆ మాట మీద వేలు పెట్టి ఆగిపోయింది.

"అమ్మాయ్! ముట్టడి అంటే ఏంది? కొట్లాటేనా?" అని అడిగింది.

పక్కన కూర్చున్న పెద్దమ్మ అందుకుంది. "కాదులేవే. ఆఫీసు ముట్టడి అంటారు గదా. అందరూ పోయి గేటు ముందు కూర్చుంటారే, అది" అంది.

ఇద్దరూ చెప్పింది నిజమే. కానీ ఆ మాట వెనక పెద్ద కథ ఉంది. అందులో మన పల్నాడు కథ కూడా ఉంది. ఆ కథే ఈ పాఠం. నిదానంగా చదవండి. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వినండి.

ముట్టడి అంటే ఏమిటి?

పాత కాలంలో పెద్ద ఊళ్లకు చుట్టూ కోటగోడ ఉండేది. శత్రువు వచ్చి ఆ గోడ చుట్టూ దిగేవాడు. దారులన్నీ మూసేవాడు. లోపలికి గింజలు పోనిచ్చేవాడు కాదు. లోపలివాళ్లను బయటికి రానిచ్చేవాడు కాదు. గాదెలో గింజలు అయిపోతాయి. బావిలో నీళ్లు అడుగంటుతాయి. పిల్లలు ఏడుస్తారు. అప్పుడు లోపలివాళ్లే తలుపు తీస్తారని శత్రువు కాచుకొని కూర్చునేవాడు. దీన్నే ముట్టడి అంటారు. ముట్టడిలో కత్తి కంటే ఆకలి, దప్పిక పెద్ద ఆయుధాలు.

ఝాన్సీ లక్ష్మీబాయి పేరు మీరు వినే ఉంటారు. 1857లో ఇంగ్లీషు వాళ్ల మీద మన సిపాయిలు, రాజులు, రైతులు తిరగబడ్డారు. 1858 మార్చిలో హ్యూ రోజ్ అనే ఇంగ్లీషు సేనాపతి ఝాన్సీ నగరాన్ని ముట్టడించాడు. బయటి నుంచి ఫిరంగులు పేల్చాడు. లోపల ఆడవాళ్లు కూడా ఊరుకోలేదు. ఫిరంగుల దగ్గరికి మందుగుండు మోశారు. ఆ పని చేస్తున్న ఆడవాళ్లను ఇంగ్లీషు వాళ్లు కూడా చూసి రాశారు. ఏప్రిల్‌లో నగరం శత్రువు చేతికి చిక్కింది. రాణి రాత్రివేళ కోట దాటిపోయింది. జూన్‌లో గ్వాలియర్ దగ్గర పోరాడుతూ చనిపోయింది.

అది తుపాకులు, ఫిరంగులు ఉన్న ముట్టడి. ఆ తరువాత అరవై ఏళ్లకు మన జిల్లాలో ఇంకో రకం పోరాటం జరిగింది. అందులో జనం చేతిలో తుపాకి లేదు. మరి ఏముంది? చూద్దాం.

చీరాల కథ

అది 1921వ సంవత్సరం. గాంధీగారు సహాయ నిరాకరణ చేయమని దేశానికి చెప్పారు. సహాయ నిరాకరణ అంటే, తప్పు చేసే ప్రభుత్వానికి మనం సాయం చేయకపోవడం.

ఇప్పుడు మనది పల్నాడు జిల్లా. చీరాల బాపట్ల జిల్లాలో ఉంది. ఆ రోజుల్లో రెండూ గుంటూరు జిల్లాలోనే ఉండేవి. అందుకని ముందు చీరాల సంగతి తెలుసుకుందాం. అక్కడి కబురు అప్పట్లో జిల్లా అంతా చెప్పుకున్నారు.

చీరాల, పేరాల పక్కపక్క ఊళ్లు. అక్కడ చాలామంది నేతపని వాళ్లు. మగ్గం ఆడితేనే పొయ్యి మీద కుండ ఎక్కేది. మద్రాసు ప్రభుత్వం ఆ రెండు ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతకు ముందు ఆ ఊళ్ల జనం ఏడాదికి సుమారు 4,000 రూపాయలు పన్ను కట్టేవాళ్లు. మునిసిపాలిటీ వచ్చాక అది సుమారు 40,000 రూపాయలు అయింది.

ఒక్కసారి లెక్క వేయండి. రూపాయి కట్టే ఇల్లు ఇప్పుడు ఎంత కట్టాలి? పది రూపాయలు కట్టాలి. మగ్గం మీద గుడ్డ మాత్రం అంతే నేస్తారు. కూలి అంతే వస్తుంది.

"మాకు మునిసిపాలిటీ వద్దు" అని జనం మొరపెట్టుకున్నారు. ప్రభుత్వం వినలేదు. జనం పన్ను కట్టం అన్నారు. కొందరిని జైలుకు పంపారు. అలా జైలుకు పోయిన వాళ్లలో రావూరి అలమేలమ్మ అనే ఆమె కూడా ఉంది. ఆడది గడప దాటితేనే నలుగురూ ఏదో ఒకటి అనే రోజులవి. ఆమె పన్ను కట్టనని జైలు గడప దాటింది.

ఈ పోరాటానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన్ను జనం 'ఆంధ్రరత్న' అని పిలిచేవారు. ఆయన 'రామదండు' అనే సేవాదళాన్ని తయారు చేశాడు. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు బెజవాడ సభకు వచ్చి, చీరాల కూడా వెళ్లారు. "పన్ను కట్టకుండా శాంతంగా కష్టాలు పడండి. లేదా ఊరు వదిలి అవతలికి పోండి. ఊళ్లో జనమే లేకపోతే మునిసిపాలిటీ ఎవరి మీద?" అనే దారి చూపించారు.

జనం రెండో దారి పట్టారు. నడి ఎండాకాలం. సుమారు 15,000 మంది ఉన్న ఊరు అది. అందులో 13,000 మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లారు. మునిసిపాలిటీ పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు.

ఆ ఇళ్లల్లో ఆడవాళ్లను మీ మనసులో ఒకసారి తలుచుకోండి. గోడలున్న ఇల్లు వదిలి పాకలోకి రావాలి. నీళ్లు ఎక్కడి నుంచి తేవాలి? పసిపిల్లను ఎక్కడ పండబెట్టాలి? వాన వస్తే పొయ్యి ఎట్లా వెలిగించాలి? మగవాళ్లు సభలో చేతులు ఎత్తారు. ఆ మాట నిలబెట్టే బరువు చాలావరకు ఆడవాళ్ల మీదే పడి ఉంటుంది. ఒకరోజు కాదు, రెండురోజులు కాదు. దాదాపు పదకొండు నెలలు అలా ఉన్నారు.

శత్రువు ముట్టడిస్తే ఊరివాళ్లు లోపల చిక్కుకుంటారు. ఇక్కడ ఊరివాళ్లే బయటికి వచ్చారు. లోపల మునిసిపాలిటీ ఒంటరిగా మిగిలింది. ముట్టడి తిరగబడింది!

అయితే కథ అంతటితో అయిపోలేదు. ఆ ఏడే దుగ్గిరాల గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేశారు. ఏడాది జైలు వేశారు. నాయకుడు దూరమయ్యాడు. చేతిలో డబ్బు అయిపోయింది. చివరికి జనం ఒక్కొక్కరే ఇళ్లకు తిరిగి వచ్చారు.

పుల్లరి అంటే ఏమిటి?

చీరాల మగ్గాల ఊరు. మన పల్నాడు పశువుల ఊరు, రాళ్ల భూమి. ఆ రోజుల్లో కాలువ నీళ్లు లేవు. నాగార్జునసాగర్ ప్రాజెక్టు చాలా ఏళ్ల తరువాత వచ్చింది. వాన పడితే పంట. పడకపోతే గొడ్డే దిక్కు. గొడ్డుకు అడవే దిక్కు.

మాచర్ల, దుర్గి, వెల్దుర్తి వైపు వాళ్లకు అడవి పెరటి లాంటిది. పశువులకు మేత అక్కడే. పొయ్యిలోకి కట్టెలు అక్కడే. నాగలికి కర్ర అక్కడే. తాతల నాటి నుంచి అలాగే వాడుకున్నారు.

ఇంగ్లీషు ప్రభుత్వం వచ్చాక 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చింది. అడవికి హద్దులు పెట్టింది. "ఇది సర్కారు అడవి" అంది. పశువు లోపల మేయాలంటే పన్ను కట్టాలి అంది. ఆ పన్ను పేరే పుల్లరి. పుల్లు అంటే గడ్డి. అరి అంటే పన్ను. గడ్డి మీద పన్ను అన్నమాట.

పన్ను కట్టని పశువును బందెలదొడ్డికి తోలేవారు. డబ్బు కట్టి విడిపించుకోవాలి. దూడను ఇంటి దగ్గర వదిలి తల్లిని తోలుకుపోతే ఆ ఇంట్లో ఏమవుతుందో మీకు చెప్పనక్కర లేదు. దూడ అరుస్తుంది. పిల్లలకు పాలు ఉండవు. బందె డబ్బు కోసం అప్పు చేయాలి.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. పుల్లరి కాగితం మీద ఉంటుంది. ఎన్ని పశువులు, ఎంత డబ్బు అని అందులో రాస్తారు. చదువు రానివాళ్లకు ఆ కాగితంలో ఏముందో ఎట్లా తెలుస్తుంది? ఇంత అంటే అంత ఇవ్వాలి. వేలిముద్ర వేయమంటే వేయాలి.

నీళ్లు పుట్టని ఊళ్లు

1921లో పల్నాటి రైతులు "పుల్లరి కట్టం" అన్నారు. పన్ను కట్టకుండానే పశువుల్ని అడవికి తోలారు. అంతటితో ఆగలేదు. ఊరికి వచ్చిన అధికారులను వెలివేశారు.

ఎలా వెలివేశారు? కొట్టలేదు, తిట్టలేదు. సాయం చేయడం మానేశారు. అధికారికి బియ్యం అమ్మలేదు. తాగడానికి నీళ్లు ఇవ్వలేదు. చాకలి బట్టలు ఉతకలేదు. మంగలి గడ్డం గీయలేదు.

అధికారి చేతిలో ఏమున్నాయి? కాగితం ఉంది. ముద్ర ఉంది. వెనక పోలీసు ఉన్నాడు. అయినా అతనికి దప్పిక వేస్తుంది. ఆ నీళ్లు ఎవరు తోడాలి? ఊరివాళ్లే తోడాలి. బిందె ఎవరి చంకలో ఉంది? ఆడవాళ్ల చంకలో ఉంది. ఆ బిందె వంగకపోతే సర్కారుకు కూడా నీళ్లు పుట్టవు!

అప్పుడే ఒక సంగతి అందరికీ తెలిసింది. సర్కారు ఎంత పెద్దదైనా జనం చేతి పని మీద బతుకుతుంది. జనం పండించిన గింజ మీద, జనం కట్టిన పన్ను మీద నిలబడుతుంది.

పల్నాడు రైతుల కష్టాలు చూడడానికి గుంటూరు నుంచి ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి మాచర్ల వచ్చారు. ప్రభుత్వం వాళ్లిద్దరినీ అరెస్టు చేసి జైల్లో పెట్టింది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో ఖాళీగా కూర్చోలేదు. 'మాలపల్లి' అనే నవల రాశారు. ఊరి చివర ఉండే పేదవాళ్ల బతుకు గురించి తెలుగులో వచ్చిన పెద్ద నవల అది. ప్రభుత్వం దాన్ని కూడా నిషేధించింది. చూశారా! తుపాకి ఉన్న ప్రభుత్వం పుస్తకానికి భయపడింది.

ఆయన భార్య ఉన్నవ లక్ష్మీబాయమ్మ. ఆ భార్యాభర్తలు 1922లో గుంటూరులో శారదా నికేతనం పెట్టారు. ఆడపిల్లలకు చదువు చెప్పే చోటు అది. స్వరాజ్యానికీ ఆడవాళ్ల చదువుకూ సంబంధం ఉందని వాళ్లకు ఆనాడే తెలుసు.

మించాలపాడు

ప్రభుత్వం పల్నాడుకు సాయుధ పోలీసులను పంపింది. సాయుధ పోలీసులు అంటే తుపాకులు ఉన్న పోలీసులు.

దుర్గి దగ్గర మించాలపాడు అనే ఊరు ఉంది. కన్నెగంటి హనుమంతు అక్కడి రైతు. పుల్లరి కట్టవద్దని చుట్టుపక్కల ఊళ్లకు ధైర్యం చెప్పినవాడు.

1922 ఫిబ్రవరి మొదట్లో ఉత్తర దేశంలో చౌరీచౌరా అనే ఊళ్లో ఒక ఘోరం జరిగింది. జనం కోపంతో పోలీసు స్టేషన్ తగలబెట్టారు. లోపలి పోలీసులు చనిపోయారు. గాంధీగారు బాధపడ్డారు. హింస వద్దని చెప్పి, ఆ నెలలోనే దేశమంతటా ఉద్యమాన్ని ఆపించారు.

ఉద్యమం ఆగింది. పుల్లరి ఆగలేదు. పోలీసులు పల్నాడు నుంచి పోలేదు. ఆ ఫిబ్రవరి నెలలోనే పోలీసులు మించాలపాడు వచ్చారు. పశువుల్ని తోలుకుపోబోయారు. ఊరివాళ్లు అడ్డుపడ్డారు. పోలీసులు తుపాకులు పేల్చారు. హనుమంతు గుండ్లు తగిలి పడిపోయాడు. ఆ గాయాలతోనే ప్రాణం విడిచాడు.

పడిపోయిన హనుమంతు దాహం అని నీళ్లు అడిగాడని పల్నాటి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. నీళ్లు పోయబోయిన వాళ్లను పోలీసులు దగ్గరికి రానివ్వలేదని చెప్పుకుంటారు.

ఇక్కడ కాసేపు పుస్తకం మూసి ఆలోచించండి.

పల్నాటి జనం అధికారులకు నీళ్లు ఇవ్వలేదు. మించాలపాడులో హనుమంతుకు నీళ్లు అందలేదు. రెండూ ఒకటేనా?

మా కేంద్రంలో దీని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒక అక్క, "దప్పికన్న వాడికి నీళ్లు పోయకపోవడం పాపమే. ఎవరికైనా ఒకటే" అంది. ముందు ముట్టడి అంటే ఏందని అడిగిన అత్త ఒప్పుకోలేదు.

"అధికారికి కాళ్లున్నయ్. ఇంకో ఊరు పోతాడు. పన్ను అడగడం మానితే మనమే చెంబు ఇస్తాం. పడిపోయినవాడికి ఏముంది? పోలేడు, రాలేడు. వాడికి నీళ్లు ఆపితే అది పోరాటం కాదు, చంపడమే" అంది.

నాకు అత్త మాట నచ్చింది. అయినా అక్క మాట కూడా తీసేయలేం. మీరు కూడా మీ కేంద్రంలో మాట్లాడుకోండి.

ఏం మిగిలింది?

చీరాల వాళ్లు తిరిగి ఊళ్లోకి వచ్చారు. పల్నాడులో హనుమంతు ప్రాణం పోయింది. అంటే ఓడిపోయినట్టేనా?

ఆ రోజుకు ఓడిపోయారు. అది దాచిపెట్టకూడదు. పోరాడిన ప్రతిసారీ గెలుస్తామని చెప్పడం అబద్ధం. కష్టం పడిన వాళ్ల ఇళ్లల్లో అప్పులు మిగిలాయి, ఏడుపు మిగిలింది.

కానీ భయం తగ్గింది. సర్కారు అంటే దేవుడు కాదని తెలిసింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినప్పుడు మన ప్రాంతంలో ఆడవాళ్లు కూడా ముందుకు వచ్చారు. 1947 ఆగస్టు 15న దేశానికి స్వరాజ్యం వచ్చింది.

అడవి సంగతి ఏమైంది? 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అడవిని నమ్ముకొని బతికే గిరిజనులకు, తరతరాలుగా అక్కడే ఉంటున్న ఇతరులకు ఆ చట్టం హక్కులు ఇచ్చింది. పశువులు మేపుకునే హక్కు కూడా అందులో ఉంది. గ్రామసభలో అర్జీ పెట్టుకోవాలి. భూమి పట్టా ఇస్తే భార్యాభర్తలు ఇద్దరి పేరా ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. పట్టాలో మీ పేరు ఉందో లేదో ఎవరు చూడాలి? మీరే చూడాలి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు గదా!

ఆనాడు మన అవ్వల చేతిలో బిందె ఉంది. నీళ్లు ఇవ్వను అని చెప్పే బలం ఉంది. కాగితం చదివే బలం లేదు. ఈనాడు మీ చేతిలో రెండూ ఉన్నాయి. రసీదు ఇస్తే చదవండి. అంకె చూడండి. అర్థం కాకపోతే "చదివి చెప్పు" అని అడగండి. చదవకుండా వేలిముద్ర వేయవద్దు. సంతకం వచ్చినా సరే, చదవకుండా పెట్టవద్దు.

కొత్త మాటలు

ముట్టడి – చుట్టూ దిగి దారులు మూయడం
సహాయ నిరాకరణ – సాయం చేయకపోవడం
పుల్లరి – పశువుల మేత మీద పన్ను
బందెలదొడ్డి – పట్టుకున్న పశువుల్ని కట్టేసే దొడ్డి
వెలివేయడం – కలుపుకోకుండా దూరం పెట్టడం
నిషేధించడం – వద్దని ఆజ్ఞ వేయడం

లెక్క చేయండి

1. చీరాల పేరాల పన్ను ముందు 4,000 రూపాయలు. తరువాత 40,000 రూపాయలు. ఎన్ని రూపాయలు పెరిగింది?
2. 15,000 మంది ఉన్న ఊరి నుంచి 13,000 మంది వెళ్లిపోయారు. ఎంతమంది మిగిలారు?
3. హనుమంతు చనిపోయింది 1922లో. ఈ ఏడాదికి ఎన్నేళ్లు అయింది?

జవాబు చెప్పండి

1. చీరాల జనం ఊరు వదిలి ఎందుకు వెళ్లారు?
2. పల్నాటి జనం అధికారులను ఎలా వెలివేశారు?
3. జైలుకు వెళ్లిన స్త్రీ పేరు ఏమిటి? ఆ పేరు మీ పలక మీద రాయండి.
4. చాకలి, మంగలి కూలి మీద బతికేవాళ్లు. పని మానితే వాళ్ల ఇల్లు ఎట్లా గడవాలి? ఊరు వాళ్లకు ఏం చేయాలి?

ఇంటి దగ్గర చేయండి

మీ ఇంట్లో ఉన్న ఒక రసీదు తీయండి. కరెంటు బిల్లు అయినా, ఇంటి పన్ను రసీదు అయినా సరే. అందులో పేరు ఎవరిది? ఎంత డబ్బు? ఏ తేదీ? ఈ మూడూ చదివి నోటుబుక్కులో రాసుకొని రండి. రేపు అందరం కలిసి చూద్దాం.

మీ ఊళ్లో ముసలివాళ్లు ఉంటే పుల్లరి గురించి అడగండి. వాళ్ల పెద్దలు చెప్పిన మాటలు ఏమైనా గుర్తుంటే రాసుకోండి. అలా రాసిపెట్టకపోతే ఆ మాటలు వాళ్లతోనే పోతాయి. రాయడం ఇప్పుడు మీకు వచ్చు.